అన్నీ కొన్నాళ్లకా, కొన్నే పదేళ్లకా: పార్టీలో రాజీకి ఏ దారి మేలు?

ఒక పార్టీ పెద్ద ఆర్థిక చట్టం తేవాలనుకుంటుంది. ఓట్లు బొటాబొటిగా ఉన్నాయి, సొంత సభ్యుడు ఒక్కడు అడ్డం తిరిగినా బిల్లు పోయినట్టే. ఖర్చు తగ్గించక తప్పదు. అప్పుడు రెండు దారులుంటాయి. అనుకున్న పథకాలన్నీ ఉంచి, ఒక్కోదాన్ని ఏడాదికో ఆరేళ్లకో పరిమితం చేయడం మొదటిది. నాలుగైదు పథకాలే ఎంచుకుని, వాటిని పూర్తి కాలానికి రాసి, మిగతావి వదులుకోవడం రెండోది. 2021లో అమెరికాలో డెమోక్రాట్లు ఈ రెండింటి మధ్య నెలల తరబడి నలిగిపోయారు. మన పిల్లలు అక్కడున్నారు కాబట్టి విశాఖలో చాలా ఇళ్లలో ఆ వార్తలు చూశారు. నాకైతే వాటిని చూస్తున్నంతసేపూ 2014 విభజన చట్టమే గుర్తొచ్చింది. దాని సంగతి తర్వాత చెబుతాను.

అప్పటి లెక్క ఇది. ఎగువ సభ సెనెట్‌లో రెండు పక్షాలకూ 50-50. ఉపాధ్యక్షురాలు కమలా హారిస్ ఓటు కలిస్తేనే మెజారిటీ. బడ్జెట్ బిల్లుగా తెస్తే మామూలుగా కావాల్సిన 60 ఓట్లు అక్కర్లేదు గానీ, సొంత పార్టీవాళ్లు 50 మందీ కలిసి రావాలి. వామపక్ష సెనెటర్ బెర్నీ శాండర్స్ 6 లక్షల కోట్ల డాలర్లు అడిగారు. పదేళ్లకు 3.5 లక్షల కోట్లతో ప్రణాళిక ఖాయమైంది. బొగ్గు రాష్ట్రం వెస్ట్ వర్జీనియా నుంచి వచ్చిన డెమోక్రాట్ సెనెటర్ జో మాంచిన్ 1.5 లక్షల కోట్లకు మించి ఒప్పుకోనన్నారు. అరిజోనా సెనెటర్ కిర్‌స్టెన్ సినెమా పన్ను రేట్లు పెంచొద్దన్నారు.

మొదటి దారిని గట్టిగా సమర్థించింది పార్టీలోని వామపక్షం. దాని నాయకురాలు ప్రమీలా జయపాల్ చెన్నైలో పుట్టినావిడ. పథకం ఒకసారి జనం చేతికి అందితే మళ్లీ లాక్కునే ధైర్యం ఎవరికీ ఉండదు, అందుకని కాలం తగ్గించినా సరే, దేన్నీ వదలొద్దు అన్నది వాళ్ల వాదన. తీసిపారేయాల్సిన మాట కాదు. పార్టీలో ప్రతి వర్గానికీ తనదంటూ ఒకటి ఉంటే ఎవరూ బయటకు పోరు. ప్రతినిధుల సభలో అదే జరిగింది. పిల్లల నగదు సాయం ఒక్క ఏడాదికి, శిశు సంరక్షణ, ప్రీస్కూలు ఆరేళ్లకు రాసిన బిల్లు 2021 నవంబర్ 19న 220-213తో నెగ్గింది. డెమోక్రాట్లలో వ్యతిరేకించింది ఒక్కరే.

కానీ ఆ వాదన అప్పుడే, ఆ ఏడాదిలోనే పరీక్షకు నిలబడి ఓడిపోయింది. మార్చిలో తెచ్చిన కోవిడ్ సహాయ చట్టం ఆరేళ్లలోపు పిల్లలకు ఏడాదికి 3,600 డాలర్లు, ఆపై వయసు పిల్లలకు 3,000 డాలర్లు ఇచ్చింది. అందులో సగం జులై నుంచి డిసెంబర్ దాకా నెలనెలా తల్లిదండ్రుల ఖాతాల్లో పడింది. జనవరి నుంచి ఆగిపోయింది. లాక్కునే ధైర్యం ఎవరికీ ఉండదన్నారు కదా, ఇక్కడ ఎవరూ లాక్కోవాల్సిన పనే పడలేదు. గడువు తీరింది, డబ్బు ఆగింది, అంతే. పన్ను రాయితీలను కూడా లెక్కలోకి తీసుకునే కొలమానం ప్రకారం పిల్లల్లో పేదరికం 2021లో 5.2 శాతం, 2022లో 12.4 శాతం. ఈ పెరుగుదలకు ప్రధాన కారణాల్లో ఆ సాయం ఆగిపోవడం ఒకటి. ఈ రెండు అంకెలు పక్కపక్కన చూసినప్పుడల్లా నాకు బాధ, కోపం రెండూ వస్తాయి.

మొదటి దారికి ఇంకో లోపం ఉంది. ఏడాదికి రాసి, తర్వాత ఎలాగూ పొడిగిస్తాం అంటే, అసలు ఖర్చు దాస్తున్నారని అనుమానించేవాడికి మీరే కారణం చేతికిచ్చినట్టు. మాంచిన్ సరిగ్గా అదే అన్నారు. డిసెంబర్ 19న టీవీలో కూర్చుని ఓటు వేయనని చెప్పేశారు. ఆయన ఉద్దేశాల మీద నాకు పెద్ద నమ్మకం లేదు గానీ, ఈ లెక్క విషయంలో ఆయన పట్టుకున్న తప్పు నిజమైనదే.

రెండో దారి ఎలా ఉంటుందో 2022 ఆగస్టులో తేలింది. మాంచిన్, సెనెట్ నాయకుడు చక్ షూమర్ తలుపులు వేసుకుని మాట్లాడుకుని తెచ్చిన ద్రవ్యోల్బణ తగ్గింపు చట్టం 51-50తో గట్టెక్కింది. పర్యావరణం, ఇంధనానికి సుమారు 36,900 కోట్ల డాలర్లు. వృద్ధుల ఆరోగ్య బీమా మెడికేర్ మందుల ధరలపై కంపెనీలతో బేరమాడే అధికారం. ఆ బీమా ఉన్నవాళ్లకు ఇన్సులిన్ నెలకు 35 డాలర్లు మించకుండా హద్దు. వంద కోట్ల డాలర్లు దాటి లాభమొచ్చే కంపెనీలకు కనీసం 15 శాతం పన్ను. ప్రీస్కూలు, శిశు సంరక్షణ, పిల్లల సాయం అన్నీ పోయాయి.

గడువు మాటకొస్తే, ఈ చట్టంలోనే రెండు రకాలూ కనిపిస్తాయి. ఆరోగ్య బీమా ప్రీమియం మీద పెంచిన రాయితీని మూడేళ్లకే పొడిగించారు. 2025తో గడువు అయిపోతుందని తెలిసి డెమోక్రాట్లు దాని కోసం పట్టుబట్టారు, ప్రభుత్వం 43 రోజులు మూతపడింది, అయినా రాయితీ దక్కలేదు. మందుల ధరల బేరానికి గడువు పెట్టలేదు. ప్రభుత్వం మారినా అది నడుస్తోంది, తొలి పది మందుల కొత్త ధరలు 2026 జనవరి నుంచి అమలవుతున్నాయి. అలాగని పదేళ్లకు రాసిందల్లా నిలుస్తుందనీ చెప్పలేను. 2032 దాకా ఉండాల్సిన ఎలక్ట్రిక్ కార్ల రాయితీని కొత్త చట్టంతో 2025 సెప్టెంబర్ 30కే ముగించారు. కాకపోతే దాన్ని తీసేయడానికి అవతలి పక్షం చట్టం తేవాల్సి వచ్చింది, ఓట్లు కూడగట్టాల్సి వచ్చింది. గడువున్నదానికి ఆ శ్రమ కూడా అక్కర్లేదు.

ఇక మన సంగతి. విభజన బిల్లు మీద కాంగ్రెస్ సొంత ఎంపీలే తిరగబడ్డారు. 2014 ఫిబ్రవరిలో పార్టీ ఆరుగురిని బహిష్కరించింది. అందులో విశాఖ మాజీ మేయర్, అప్పటి అనకాపల్లి ఎంపీ సబ్బం హరి ఒకరు. మొత్తం బిల్లు ఆపాలన్న పోరాటం సాగుతుండగా, లోపల ఏ మాట ఎలా రాస్తున్నారన్న బేరం పక్కకు పోయిందని నా అభిప్రాయం. ఫలితం చూడండి. పోలవరాన్ని జాతీయ ప్రాజెక్టుగా చట్టంలోనే ప్రకటించారు, ఆలస్యాలున్నా కేంద్రం బాధ్యత కాదనలేకపోయింది. ప్రత్యేక హోదా అయిదేళ్లని అప్పటి ప్రధాని రాజ్యసభలో నోటితో చెప్పారు, చట్టంలో లేదు, రాలేదు. విశాఖ రైల్వే జోన్ రెండింటికీ మధ్యలో పడింది. ఆరు నెలల్లో ‘పరిశీలించి’ నిర్ణయం తీసుకోవాలని మాత్రమే రాశారు. ఆ పరిశీలన 2019 ఫిబ్రవరిలో ప్రకటనగా మారింది, ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన 2025 జనవరిలో జరిగింది. ఇక్కడి వాల్తేరు రైల్వే డివిజన్ ఉంటుందా పోతుందా అని ఈ ఊరు ఏళ్ల తరబడి టెన్షన్ పడింది.

అమెరికాలోనూ రాతకు, నోటిమాటకు ఈ తేడానే కనిపించింది. రోడ్లు, వంతెనల బిల్లును పెద్ద బిల్లుతో ముడిపెట్టి వామపక్షం కొన్ని నెలలు ఆపింది. అది సరైన ఎత్తే, మాంచిన్‌కు రోడ్ల బిల్లు కావాలి కాబట్టి. నవంబర్ 5న ముడి విప్పేముందు ప్రతినిధుల సభలోని మితవాద డెమోక్రాట్లు అయిదుగురి నుంచి రాతపూర్వక హామీ తీసుకున్నారు. వాళ్లు మాట నిలబెట్టుకున్నారు. మాంచిన్ నుంచి అలాంటి కాగితమేదీ రాలేదు.

కాబట్టి నా ఓటు రెండో దారికే. రాజీ తప్పనప్పుడు పథకాల సంఖ్య దగ్గర పడాలి, కాలం దగ్గర కాదు. అయితే ఈ దారిలో ఒక అన్యాయం దాగుంది. ఏరివేత మొదలైతే వెనుక సంఘాలు, కంపెనీలు ఉన్నవి మిగులుతాయి, పసిపిల్లల తరఫున గదిలో ఎవరూ ఉండరు. 2021 అక్టోబర్‌లో నేను ఆ బేరంలో ఉంటే ప్రీస్కూలు వదులుకునేవాణ్ని, శిశు సంరక్షణ కూడా. పిల్లల సాయాన్ని మాత్రం 3,600 నుంచి 2,500కు దించైనా, ధనిక కుటుంబాలను తప్పించైనా, గడువు లేకుండా రాయించేవాణ్ని.