మూడు డిస్కుల్లో చిత్తూరు నాగయ్య

పోతన (1943), త్యాగయ్య (1946), యోగి వేమన (1947) చిత్రాలను ఒకే పెట్టెలో పెట్టి అమ్ముతున్న డివిడిల సెట్టును గత నెలలో కొన్నాను. నాగయ్యగారి సినిమా విషయంలో బొమ్మ కంటే ముందు శబ్దాన్ని పరీక్షించాలని నా అభిప్రాయం, ఎందుకంటే ఆయన నటన సగానికి పైగా గొంతులోనే ఉంటుంది. చిత్తూరు రామవిలాస సభ నాటకాలతో పేరు తెచ్చుకుని, ఆ ఊరి పేరుతోనే లోకానికి తెలిసిన ఆ నటుడు, 1938లో గృహలక్ష్మితో తెర మీదికి వచ్చాక, రంగస్థలం నుంచి వచ్చినవారిలో చాలామందిని విడువని ఎలుగెత్తి పలికే అలవాటును తన దగ్గరికి రానివ్వలేదు. ఎదుట కూర్చున్న ఒక్క మనిషికి చెబుతున్నట్టు మెల్లగా మాట్లాడారు, అలాగే పాడారు.

అందుకే యోగి వేమన డిస్కు నన్ను బాధపెట్టింది. అన్నకూతురు జ్యోతి చనిపోయిన తరువాత శ్మశానంలో వేమన పాడే పాటలో, నాగయ్యగారు పంక్తి చివరికి వచ్చేసరికి స్వరాన్ని దించి, ఆఖరి అక్షరాన్ని నిట్టూర్పులోకి జారవిడుస్తారు. మా ఇంట్లో ఉన్న పాత వీడియో క్యాసెట్టులో గరగర ఎంత ఉన్నా ఆ నిట్టూర్పు స్పష్టంగా వినిపిస్తుంది. ఈ డిస్కులో గరగరను తీసేయబోయి దానిని కూడా తుడిచేశారు. అక్షరం కత్తిరించినట్టు ఆగిపోతుంది, దుఃఖం అక్కడే తెగిపోతుంది. బొమ్మ మాత్రం చాలా బాగుంది. మార్కస్ బార్‌ట్లీ ఛాయాగ్రహణంలోని వెలుగునీడలు ఎక్కడా మసకబారలేదు.

త్యాగయ్య డిస్కు కోసమే ఈ పెట్టె కొనవచ్చు. నిర్మాణం, దర్శకత్వం, సంగీతం, ప్రధాన పాత్ర అన్నీ నాగయ్యగారివే అయిన ఈ చిత్రంలో శబ్దం జోలికి ఎవరూ ఎక్కువగా వెళ్ళలేదు. కృతి ఎత్తుకునే ముందు ఆయన తీసుకునే చిన్న విరామం కూడా మనకు అందుతుంది. పాడుతున్నవాడు నటుడన్న సంగతి మరిచిపోయి, పూజగది గుమ్మంలో నిలబడి వింటున్నట్టు అనిపించింది. కె.వి.రెడ్డిగారికి దర్శకుడిగా తొలి చిత్రమైన పోతనలో బొమ్మ మీద గీతలు ఎక్కువే, కానీ గొంతు చెడలేదు.

లోపల పెట్టిన చిన్న పుస్తకం నిరాశపరిచింది. 1965 నాటి పద్మశ్రీని రెండుసార్లు పేర్కొన్నవారు, ఎం.ఎస్.సుబ్బులక్ష్మిగారి తమిళ మీరాలో ఆయన రాణాగా నటించిన సంగతిని ఒక్కసారైనా చెప్పలేదు. అడిగినవారికల్లా లేదనకుండా ఇచ్చిన ఆ మనిషి చివరి రోజుల్లో డబ్బుకు ఇబ్బంది పడి 1973 డిసెంబరు 30న కన్నుమూశారన్నది కూడా అందులో లేదు. మద్రాసు పానగల్ పార్కులో విగ్రహంగా నిలిచిన నటుడి జీవితాన్ని ఒకటిన్నర పేజీలో ముగించడం అన్యాయం.

నాకు వచ్చిన పెట్టెలో పోతన డిస్కు సగం దాటాక ఆగిపోయింది. దుకాణదారు మారుమాట లేకుండా మార్చి ఇచ్చాడు. కొనేవారు బిల్లు దాచుకుని, మూడు డిస్కులనూ మొదటి వారంలోనే చివరిదాకా చూసుకోవడం మంచిది.