ముందు శాలిహుండం, ఆ తరువాతే రామతీర్థం

కార్తీకం వచ్చిందంటే ఉసిరిచెట్టు నీడ కోసం ఊళ్లన్నీ వెతుక్కుంటాయి. ఈసారి వనభోజనానికి ముందు ఒక కొండ ఎక్కి ఆకలి తెచ్చుకోవాలని మా నడక బృందం నిర్ణయించుకుంది. విజయనగరం అయ్యకోనేరు గట్టు మీద రోజూ తెల్లవారుజామున నడిచే ఇరవై మందిమి మేము. మాలో డిగ్రీ చదివే పిల్లలున్నారు, మోకాలికి పట్టీ వేసుకొని వచ్చే పెద్దలూ ఉన్నారు. గట్టు మీద అందరూ కలిసి నడవగలరు గానీ కొండ మీద ఎవరి కాలు ఎంత నిలుస్తుందో ముందే తెలుసుకోవాలి. అందుకే సిరిమానోత్సవం సందడి తగ్గాక నలుగురం ముందుగా వెళ్లి మూడు కొండలు చూసి వచ్చాం. మాలో అందరికంటే పెద్దవారు, రిటైరైన లెక్కల మాస్టారు, కావాలనే మాతో వచ్చారు. “నేను దిగి రాగలిగిన కొండకు ఎవరినైనా తీసుకువెళ్లవచ్చు” అన్నారు. మా కొలత అదే అయింది.

మొదటి ఆదివారం శాలిహుండం పెట్టాం. శ్రీకాకుళం నుంచి కళింగపట్నం వైపు వెళ్తే, వంశధార దక్షిణపు ఒడ్డున, గార మండలంలో ఉంటుంది ఈ కొండ. ఎత్తు తక్కువ, దారి సుగమం. పైకి వెళ్లేకొద్దీ ఒక్కో మలుపులో ఒక్కో ఇటుక కట్టడం కనబడుతుంది: బౌద్ధ స్తూపాల అడుగులు, చైత్యాల (ప్రార్థనా మందిరాల) గోడలు, చిన్న చిన్న మొక్కుబడి స్తూపాలు. ఇక్కడ ధాతుపేటికలు, అంటే పవిత్ర అస్థికలు దాచే పెట్టెలు, దొరికాయి. ఊరి పేరు ‘శాలివాటిక’ నుంచి వచ్చిందని, అంటే ధాన్యపు నెలవు అని, కొందరంటారు. పేటికలు దొరికాయి కాబట్టి ‘శల్యపేటిక’ అని, అంటే ఎముకల పెట్టె అని, మరికొందరంటారు. కింద కనుచూపు మేర వరిచేలు పరుచుకొని ఉంటే నాకు మొదటి మాటే నమ్మబుద్ధి అయింది. 1919లో ఈ శిథిలాలను వెలుగులోకి తెచ్చినవారు గిడుగు వెంకట రామమూర్తి. వాడుక భాష కోసం అంత పోరాటం చేసిన మనిషి ఈ కొండనూ పట్టించుకున్నారని చెప్పగానే మాతో వచ్చిన డిగ్రీ అమ్మాయి నడక ఆపి, గోడ దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. ఇటుక తన మూరెడు చేతికి ఎంత వస్తుందో వేళ్లతో కొలిచింది. ఇటుకకు ఇటుకకు మధ్య సందులో గడ్డిపోచ ఒకటి, దాని మీద మంచు ఇంకా ఆరలేదు. ఆ పది నిమిషాలూ ఎవరమూ తొందర పెట్టలేదు. ఈ కొండకు అలా ఆగే ఓపికతోనే రావాలి. ఇక్కడి మ్యూజియంలోని విగ్రహాలు కూడా చూడాలి. తార, మారీచి అనే బౌద్ధ దేవతల శిల్పాలను చూశాక ఇక్కడ బౌద్ధం ఎన్ని రూపాలు మార్చుకుందో తెలుస్తుంది.

కొండ మీద తినడానికి ఏమీ దొరకదు. పులిహోర, దద్దోజనం ఇళ్ల నుంచే కట్టుకొని, కళింగపట్నం తీరంలో సరుగుడు చెట్ల నీడన విప్పుకుందాం. నది సముద్రంలో కలిసే చోట మాత్రం ఎవరూ నీళ్లలోకి దిగకూడదు. ఈ విషయంలో పిల్లలు ఎంత బతిమాలినా నేను ఒప్పుకోను.

రైలు సంగతి ఆలోచించాం. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. అక్కడి నుంచి శ్రీకాకుళం పట్టణం చేరడానికే పది కిలోమీటర్ల పైచిలుకు, శాలిహుండం ఇంకా దూరం. కాబట్టి వ్యానే మేలు. మేము మాట్లాడుకున్న వ్యాను ఐదింటికి రావలసింది ఆరు నలభైకి వచ్చింది. దానివల్ల చల్లటి పొద్దంతా రోడ్డు పాలయింది. మాస్టారు ఎండలో కొండ ఎక్కవలసి వచ్చిందని నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. ఈసారి ముందు రోజు రాత్రి డ్రైవరుతో నేనే మాట్లాడతాను. పట్టణంలో ముందు రాత్రి బస చేసే ఆలోచన మానుకున్నాం. మేము దిగిన లాడ్జిలో గదులు శుభ్రంగానే ఉన్నాయి గానీ తెల్లవారుజామున గేటుకు తాళం, వేడినీళ్లు ఏడు దాటాకే. నడిచేవాళ్లకు మెత్తటి పరుపు కంటే నాలుగింటికి తలుపు తీసే మనిషి ముఖ్యం.

రామతీర్థం మనకు 12 కిలోమీటర్లే. అయినా దాన్ని రెండో వారానికి జరిపాం. దగ్గరగా ఉండటం వేరు, తేలికగా ఉండటం వేరు. కింద రామస్వామి గుడి, పక్కన బోడికొండ, దుర్గకొండ, అటు గురుభక్తులకొండ. ఒకే చోట బౌద్ధం, జైనం, రామభక్తి ఇంతగా కలిసిన ప్రదేశం ఈ చుట్టుపక్కల నాకు తెలిసి మరొకటి లేదు. దుర్గకొండ గుహలో రాజరాజ నరేంద్రుని తండ్రి విమలాదిత్యుని కాలపు కన్నడ శాసనం ఉంది. అందులో జైన ఆచార్యుడు త్రికాలయోగి సిద్ధాంతదేవుడు ఈ కొండకు మొక్కిన సంగతి చెక్కి ఉంది. వెయ్యేళ్ల కిందటి యాత్రికుడు!

మేము ఎక్కింది గురుభక్తులకొండ. ఉత్తరం వైపు ఇరుకైన చదును మీద బౌద్ధ భిక్షువుల విహారపు గోడలు, పక్కనే నీటిగుంట. ఎక్కడానికి నలభై నిమిషాలు పట్టింది, దిగడానికి గంట. బండ మీద ఎండుగడ్డి జారుతుంది, పట్టుకుందామంటే ముళ్లపొదలు. ఒక చోట మాస్టారు చేతికర్ర పక్కన పెట్టి, బండ మీద కూర్చొని, అరచేతులు ఆనించి, ఒక్కో పాదమే కిందికి జార్చుకుంటూ దిగారు. పదింటికే బండ చురుక్కుమంటోంది. కిందికి వచ్చాక ఆయన అరచేతులు కందిపోయి ఉన్నాయి. అందుకే ఈ కొండకు పన్నెండు మందికి మించి వద్దు, ఏడింటికల్లా పైన ఉండాలి, మనిషికి రెండు లీటర్ల నీళ్లు ఉండాలి. మిగిలినవారు గుడి చూసుకొని, బోడికొండ మెట్లు ఓపిక ఉన్నంత వరకు ఎక్కి రావచ్చు. శిథిలాల దగ్గర ఇటుక ముక్క కూడా ఎవరూ జేబులో వేసుకోవద్దు.

మూడోది శృంగవరపుకోట దగ్గరి పుణ్యగిరి. కొండధార, శివుడు, చెట్ల చల్లదనం. చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, వెళ్లి కూర్చోవాలి. కార్తీక సోమవారం మాత్రం వద్దు, జనం ఎక్కువ. తడిరాళ్ల మీద పాకుడు ఉంటుంది, పాత చెప్పులతో రావద్దు. తిరుగు దారిలో తాటిపూడి జలాశయం దగ్గర కాసేపు ఆగుదాం.

రామతీర్థానికి రాగలిగినవారు బుధవారంలోపు గట్టు మీద నాకు పేరు చెప్పండి. మాస్టారు తన పేరు అప్పుడే రాయించుకున్నారు. ఈసారి చేతులకు తొడుగులు కొనుక్కున్నారట.