పోలెంటా కొంటే బ్రమాతా పిండే కొనండి

మిలాన్‌లో కొత్తగా దిగిన మనవాళ్లకి ముందే చెప్తున్నా, సూపర్‌మార్కెట్‌లో పోలెంటా (మొక్కజొన్న పిండితో చేసే ఇటలీ సంకటి) పేరుతో రెండు రకాల పిండి పక్కపక్కనే ఉంటాయి. ఒకటి ముందే ఉడికించి ఆరబెట్టిన ఇన్‌స్టంట్ రకం, ఐదారు నిమిషాల్లో అయిపోతుంది. రెండోది బ్రమాతా, ముతకగా ఆడించిన మొక్కజొన్న పిండి, ముప్పావు గంట పడుతుంది. టైమ్ కలిసొస్తుంది కదా అని ఇన్‌స్టంట్‌కి వెళ్లకండి. నున్నగా, చప్పగా ఉండి, మూడు గంటలు ఉడికిన మాంసం సాస్‌ని కూడా పత్యం కూడులా చేసేస్తుంది.

బ్రమాతా అలా కాదు, ఉడికాక కూడా పలుకు తెలుస్తుంది, మొక్కజొన్న తీపి నాలుకకి అందుతుంది. కప్పు పిండికి ఐదు కప్పుల నీళ్లు, ఉప్పు. నీళ్లు మరిగేటప్పుడు ఒక చేత్తో పిండి సన్నగా జారవిడుస్తూ రెండో చేత్తో తిప్పాలి, అంతా ఒకేసారి పోస్తే ఉండలు కడతాయి. ముప్పావు గంటా పక్కనే నిలబడాలని భయపెడతారు గానీ అడుగు మందంగా ఉన్న గిన్నె అయితే మొదటి పది నిమిషాలే పని, తర్వాత సెగ తగ్గించి మూత పెట్టి మధ్యమధ్యలో కలిపితే చాలు. మూత తీసేటప్పుడు మాత్రం జాగ్రత్త, కుతకుతలాడుతూ చేతిమీదకి ఎగురుతుంది, బాగా కాలుతుంది! దించే ముందు వెన్న, పార్మిజానో చీజ్ వేస్తే సంకటి కంటే జారుగా, గంటెతో పోసుకునేలా వస్తుంది.

పోలెంటా మీదకి నేను చేసే సాస్ పోర్క్ పక్కటెముకలు, సాసేజ్‌లతో. ముందు మాంసాన్ని ఆలివ్ నూనెలో ఎర్రగా వేయించి తీసేసి, అదే గిన్నెలో సన్నగా తరిగిన ఉల్లి, క్యారెట్, సెలరీ మెత్తబడేదాకా మగ్గించి, మాంసం మళ్లీ వేసి రెడ్ వైన్ పోసి ఇగరనిచ్చి, టమాటా పసాటా (వడగట్టిన టమాటా గుజ్జు) కలిపి సన్నని సెగ మీద వదిలేయడమే. ఎముక నుంచి ముక్క ఊడి వచ్చేదాకా కదపక్కర్లేదు. మధ్య ఇటలీలో అబ్రుజ్జో, మార్కే వైపు పల్లెల్లో అయితే పోలెంటాని ఏకంగా చెక్క బల్ల మీద పోసి, ఈ సాస్ పైన పరిచి, అందరూ చుట్టూ కూర్చుని తలో వైపు నుంచి తింటారు. (ఒకప్పుడు ఉత్తర ఇటలీ పేద రైతులకి మాంసం దొరక్క రోజూ ఉత్త పోలెంటాయే తిని, నియాసిన్ (బి3 విటమిన్) లోపంతో పెలాగ్రా జబ్బు తెచ్చుకున్నారు. ఇప్పుడు అదే రెస్టారెంట్లలో గొప్ప వంటకం.)

లోపాలు లేవని కాదు. గిన్నె అడుగున అట్టు కడుతుంది, రాత్రంతా నానబెట్టాల్సిందే. విప్పిన ప్యాకెట్ వేసవిలో బయట ఉంచితే పురుగు పడుతుంది, ఫ్రిజ్‌లో పెట్టండి. మిగిలిన పోలెంటా మర్నాటికి గట్టిపడుతుంది, ముక్కలు కోసి పెనం మీద కాలిస్తే అదో రుచి.

హైదరాబాద్‌లో చేసుకోవాలంటే మొక్కజొన్న రవ్వ తెచ్చుకోండి, పని జరుగుతుంది. కార్న్‌ఫ్లోర్ మాత్రం వద్దు, అది ఉత్త గంజిపొడి.