గురువారం పాటలు: మూడున్నరేళ్లు పాడినంక రాస్తున్న రివ్యూ

హన్మకొండల నయీంనగర్ దిక్కు ఒక టైలరింగ్ షాపు మీది రూముల ప్రతి గురువారం సాయంత్రం 5 నుంచి ఆరున్నర దాక మేం తొమ్మిది మందిమి చాపలేసుకొని కూసొని పాడుకుంటం. అందరం ఏదో ఒక మానసిక జబ్బుతోని దవఖాన చుట్టు తిరిగినోళ్లమే, కొందరం ఇంకా మందులు వాడుతున్నం. 2022 దసరా అయినంక మొదలువెట్టినం, నేను మొదటి రోజు నుంచి ఉన్న. "పాటలతోని డిప్రెషన్ పోతదా అక్కా" అని మొన్న గూడ ఒకామె ఫోన్ చేసి అడిగింది, రెండు ముక్కల్ల చెప్పలేకపోయిన, అందుకే వాడినకాడికి మొత్తం రాస్తున్న.

ముందు నా సంగతి. 2020 లాక్‌డౌన్‌ల నాకు రెండో కాన్పు. మూడో వారం నుంచి ఏడుపు ఆగకపోతుండె, కొన్ని రోజులకు ఆ ఏడుపు గూడ బందైంది, అది ఇంకా ఘోరం, పిల్లగాడు గుక్కవట్టి ఏడుస్తుంటే పక్కింట్ల ఎవరో ఏడ్చినట్టు ఇనవడుతుండె. మా అత్తమ్మ "బాలింత ఒళ్లు, సదురుకుంటది బిడ్డా" అనుకుంట ఏడు నెలలు నడిపింది, ఆమెను తప్పువట్ట, ఆమెకు తెలిసింది అంతే. తర్వాత డాక్టర్ దగ్గరికి పోయినం, మందులు మొదలైనయి, నిద్ర వచ్చింది, అన్నం సయించింది. కని మనుషుల నడుమకు పోవుడు మాత్రం రాలే. బతుకమ్మకు మా గల్లీల ఆడోళ్లంత చప్పట్లు కొట్టుకుంట తిరుగుతుంటే రెండేండ్లు కిటికీ తలుపు పెట్టుకొని లోపల కూసున్న.

గప్పుడు నేను రోజు పట్టుకొని కూసున్నయి ఇయర్‌ఫోన్లు. రాత్రి అందరు పన్నంక ఒకటే ఏడుపు పాట మళ్ల మళ్ల పెట్టుకొని గంట, రెండు గంటలు వినుడు. వింటున్నంతసేపు ఎవరో నా బాధ అర్థం చేసుకున్నట్టే ఉంటుండె. డాక్టరమ్మ ఒకసారి "పాట వింటున్నప్పుడు సరే, అయిపోయినంక ఎట్లుంటది?" అని అడిగింది, నాకు జవాబు రాలే. ఇంట్ల గోడ క్యాలెండర్ మీద వారం రోజులు రాసి చూసిన, వినకముందు మనసు బరువు పదిల ఎంత, విన్నంక ఎంత అని. ఏడు రాత్రులల్ల ఐదు రాత్రులు విన్నంకనే ఎక్కువున్నది. పాట బాధ పోగొడుతలేదు, నేను ఆ పాటల కూసొని పాత సంగతులే తవ్వుకుంటున్న అని అప్పుడు తెలిసింది. అట్లని పాటలు బందు చెయ్యలే, గిన్నెలు తోముకుంట, బట్టలు ఆరేసుకుంట వింటే మంచిగనే ఉండె, రాత్రి చీకట్ల ఒక్కదాన్నే వినుడు మాత్రం ఆపిన. ఎవరన్న ఈ రివ్యూల ఒక్క ముక్కనే చదువుతరంటే ఇది చదవండి, మీరు గూడ క్యాలెండర్ మీద రాసి చూసుకోండి.

గుంపు ఎట్ల మొదలైందంటే, ఓపీల చీటీ పట్టుకొని కూసున్నం, నా పక్కన పరకాల దిక్కు నుంచి వచ్చిన పెద్దమ్మ ఒకామె, అరవై దాటినయి, ఎవరితోని మాట్లాడుతలేదు గని నోట్లనే బతుకమ్మ రాగం తీస్తున్నది. పాట తెల్వది నాకు, గని లైను ఆగిన కాడ నా నోట్లకెల్లి "ఉయ్యాలో" అని దానంతట అదే వచ్చింది. పెద్దమ్మ నా మొఖం చూసింది, ఇంకో లైను అన్నది, నేను మళ్ల ఉయ్యాలో. రెండేండ్లల్ల నేను ఇంకో మనిషితోని కలిపి ఇడిసిన మొదటి గొంతు అది, ఇప్పటికి యాది చేసుకుంటే ఒళ్లు జలదరిస్తది. ముంగట వరసల కూసున్న కాజీపేట అన్న, రైల్వేల పని చేసి రిటైరైండు, తిరిగి చూసి "మా అమ్మ పాడేది గీ పాట" అన్నడు. ముగ్గురం నంబర్లు తీసుకున్నం. అంతే.

మేం చేసే పద్ధతి చాన చిన్నది. మొదటి పది నిమిషాలు పాట ఉండదు, నోరు మూసుకొని ఊరికె "మ్మ్" అనుకుంట గాలి మెల్లగ ఇడుసుడు. పాడినప్పుడు ఊపిరి తీసుకునుడు పొట్టిగ, ఇడుసుడు పొడుగ్గ ఉంటది గద, అట్ల పొడుగ్గ ఇడిస్తే గుండె దడ నెమ్మదైతది, నాకు అది చేతి నాడి పట్టుకొని చూస్తే గూడ తెలుస్తది. తర్వాత వరసగ ఒక్కొక్కరు ఒక పాట ఎత్తుకోవాలె, మిగితోళ్లు వంత. పాడబుద్ధి కాకుంటే "ముందుకు" అంటే చాలు, ఎందుకని అడుగుడు లేదు. చివరికి చాయ్, ముచ్చట. ముచ్చట చెప్పకున్నా నడుస్తది.

అసలు పని చేసేది వంతనే అని నా నమ్మకం. బతుకమ్మ పాటల ఉయ్యాలో, చందమామ, కోల్ అని లైను లైనుకు అదే మాట వస్తది, ఎత్తుకునేటామెకు తప్ప ఎవరికి పాట రావాల్సిన పని లేదు, గొంతు మంచిగుండాల్సిన పని లేదు. డిప్రెషన్ల మాట దొరకది, "ఎట్లున్నవ్" అంటే ఏం చెప్పాల్నో తెల్వది, "బాగున్న" అని అబద్ధం చెప్పాలె లేకుంటే ఊకోవాలె. వంతల గా కష్టం లేదు, నీ మాట నీకు ముందే తెలుసు, నీ వంతు ఎప్పుడొస్తదో తెలుసు, నువ్వు అనకున్నా మిగితా ఎనిమిది మంది అంటరు, అన్నవంటే అందుట్ల కలిసిపోతవ్. కాకతీయ యూనివర్సిటీల చదివే ఒక తమ్ముడు పదకొండు వారాలు గోడకు ఆనుకొని కూసున్నడు, ఒక్క మాట లేదు, పన్నెండో వారం "కోల్" అన్నడు, మేం ఎవరం అటు దిక్కు చూడలే, చూస్తే మళ్ల బందు చేస్తడని అందరికి తెలుసు. గక్కడ ఈ జబ్బు తెల్వని బయటోళ్లు ఉంటే చప్పట్లు కొట్టి "శభాష్" అనేటోళ్లు, అదే తేడా తోటోళ్లకు బయటోళ్లకు.

బతుకమ్మ పాట కాలం కాని కాలంల పాడొచ్చా అని మొదట్ల పెద్ద ముచ్చటైంది. ఎంగిలిపూల నుంచి సద్దుల దాక తొమ్మిది రోజుల పాట అది, మార్చిల పాడితె ఎట్ల, పైంగ మొగోళ్లు గూడ ఉన్నరు అని ఒకామె పట్టువట్టింది, ఆమె మాట గూడ తీసేసేది కాదు. పెద్దమ్మనే తేల్చింది, "తంగేడు లేదు, గునుగు లేదు, నోరు ఉన్నది గద, నాట్లేసేటప్పుడు పాడమా" అని. ఇప్పుడు దేవుని పేరున్న పాటలు పండుగకే ఉంచుకున్నం, కష్టసుఖాల పాటలు, నాట్ల పాటలు, ఎల్లమ్మ కథల విన్న రాగాలు, సినిమా పాటలు అన్ని నడుస్తయి. ముస్లిం చెల్లె ఒకామె ఉన్నది మండిబజార్ నుంచి, ఆమె వాళ్ల నానమ్మ పాడిన జోల పాట ఎత్తుకుంటది, ఉర్దూ ముక్కలు మాకు సగం తెల్వయి, వంతకు ఏం తక్కువ కాలే.

సామాన్ల సంగతి చెప్తా. మొదట బ్లూటూత్ స్పీకర్ కొన్నం, 3 నెలలకు పక్కనవెట్టినం. మా గుంపుల ఒక చెల్లెకు ఎవరు లేకున్నా చెవుల మాటలు ఇనవడతయి, స్పీకర్ గట్టిగ మోగితే పాట ఏదో ఆ మాటలు ఏవో తెల్వక తల పట్టుకుంటుండె, తనే నోటితోని రాగం తీస్తే మాత్రం ఆ మాటలు జెర ఎనుకకు పోతయని చెప్పింది. ఆమె అనుభవం అది, అందరికి అట్లనే అయితదని చెప్పను. తర్వాత డప్పు కొన్నం. కాజీపేట అన్న చిన్నప్పుడు వాళ్ల ఊర్లె కొట్టిండంట. ఆయన లిథియం వాడతడు, మనసు హెచ్చుతగ్గులకు ఇచ్చే మందు అది, చేతులు వణుకుతయి, ఎడమ చేతిల పట్టే సన్న పుల్ల, సిటికెన పుల్ల, ఆడకపోతుండె, కుడి చేతి పొట్టి కట్టె, చిర్ర, ఒక్కదానితోనే దెబ్బ వేస్తడు, మాకు గదే చాలు. ఒక్క జాగ్రత్త, ఎండకాలం మా వరంగల్ ఎండల డప్పు కొట్టి చెమటలు పోస్తే లిథియం వాడేటోళ్లకు ఊకె కాదు, ఒంట్ల నీళ్లు ఉప్పు తగ్గితె రక్తంల ఆ మందు పెరుగుతది, విషమైతది. ఆయన డాక్టర్ చెప్పినట్టు టైంకు రక్త పరీక్ష చేయించుకుంటడు, మేం నీళ్ల బిందె ఆయన పక్కనే పెడతం. వానకాలం డప్పు తోలు మెత్తవడి మూగవోతది, మంట కాడ కాపాలె, మాది పై అంతస్తు కాబట్టి డాబా మీద పాత పేపర్లు కాల్చి కాపుకొస్తం.

ఇగ మేం చేసిన పెద్ద తప్పు. మా గుంపుల ఒక తమ్ముడు, బైపోలార్, అంటే మనసు కొన్నాళ్లు మరీ కుంగి కొన్నాళ్లు మరీ హుషారయ్యే జబ్బు, ఆరు నెలలు మూలకు కూసున్నోడు ఒక వారం ఒక్కసారే లేచిండు. పాటలు తనే రాస్తున్నడు, రాత్రి 2 గంటలకు, 3 గంటలకు వాట్సాప్ గ్రూపుల పాడి పెడుతున్నడు, ఒక్క రాత్రి 40 వాయిస్ మెసేజులు. మేం ఏం చేసినం? దండాలు పెట్టినం, గుండె బొమ్మలు పెట్టినం, "తేరుకున్నవ్ రా" అన్నం. నేనే ఎక్కువ మెచ్చుకున్న. నిద్ర లేదు పిల్లగానికి, ఐదు రోజులు, అది తేరుకునుడు కాదు, జబ్బు ఇంకో దిక్కు మర్లింది. వాళ్ల అమ్మ ఏడ్చుకుంట ఫోన్ చేస్తే అప్పుడు అర్థమైంది, అడ్మిట్ చేసిన్రు. వచ్చినంక తను కోపం చెయ్యలే, "మీరు మెచ్చుకుంటుంటే ఇంకా గట్టిగ అయింది అక్కా" అన్నడు, ఆ మాట నాకు ఇప్పటికి గుచ్చుకుంటది. పాట మంచిదే అనుకున్నోళ్లం, పాట నిద్రను తింటదని తెల్వలే. అప్పటిసంది రాత్రి 9 దాటితే గ్రూపుల పాట పెట్టొద్దు, ఎవరన్న హద్దు మీరి హుషారున్నరంటే మెచ్చుకోకముందు "రాత్రి ఎన్ని గంటలు పన్నవ్" అని అడగాలె, ప్రతి ఒక్కరం మన ఇంట్ల ఒకరి నంబర్ రాసిచ్చినం. పాట గురించి ఎవరు గొప్పగ చెప్పినా ఈ సంగతి చెప్పరు, అందుకే ఇంత పొడుగు రాసిన.

పాటనే మందు, గోలీలు బందు చెయ్యమనేటోళ్లను గూడ చూసిన. ఒకరు డబ్బులు తీసుకొని ఫలానా హెర్ట్జ్ శబ్దం వింటే డిప్రెషన్ పోతదని కోర్సు నడిపిన్రు, మా గుంపుల ఒకామె కట్టింది, గోలీలు ఆపింది, రెండు నెలలకు మంచం పట్టింది. అసువంటి దానికి రుజువు లేదు. ఉన్న రుజువు ఏందంటే, 2017ల కాక్రేన్ అని వైద్య అధ్యయనాలు కూడగట్టి చూసే సంస్థ వాళ్లు డిప్రెషన్‌కు మ్యూజిక్ థెరపీ మీద 9 అధ్యయనాలు, 421 మంది వివరాలు కూడగట్టి చూసిన్రు, మామూలు చికిత్సకు తోడు మ్యూజిక్ థెరపీ కలిపితే వట్టి మామూలు చికిత్స కంటే కొద్దికాలానికి మంచిగున్నది అని తేలింది. చికిత్సకు తోడు అన్నరు, బదులు అనలే. అది గూడ నేర్చుకున్న థెరపిస్టులు చేసింది, మాది థెరపీ కాదు, మా దగ్గర థెరపిస్టు లేరు, మాకు మేమే. కొత్తగ ఎవరన్న వస్తే మొదలే చెప్తం ఆ సంగతి. రూము గోడ మీద సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416 పెద్దగ రాసి అతికిచ్చినం, అది గూడ మేం మొదలువెట్టిన 2022 అక్టోబర్‌లనే వచ్చింది, ఫ్రీ, రాత్రి పగలు ఎత్తుతరు, తెలుగుల మాట్లాడొచ్చు. పాట ఆగిన కాడ ఆ నంబర్ ఉండాలె.

పడనోళ్లు గూడ ఉన్నరు. వరుసగ నలుగురు ఒకటి రెండు వారాలు వచ్చి మానిన్రు, అందుట్ల ఒకాయన "గుంపుల గొంతులు మీద పడ్డట్టయితది" అన్నడు, బలవంతం చెయ్యలే. ఇంకోసారి ఒకరు ఎత్తుకున్న పాట ఇంకొకామె కొడుకు చావుల మోగిన పాట, ఆమె చెప్పులేసుకోకుండనే మెట్లు దిగి పోయింది. ఇప్పుడు పాట పేరు ముందు చెప్పి చుట్టు ఒకసారి చూసి ఎత్తుకుంటం, ఎవరన్న చెయ్యి లేపితే వేరే పాట. మేడారం జాతర ఉన్న వారం, వరికోతల వారం రూముల ఇద్దరు ముగ్గురమే ఉంటం, వంతకు ముగ్గురు తక్కువైతరు, గా రోజు వట్టి చాయ్ తాగి పోతం.

నాకు ఏం అయిందంటే, జబ్బు మళ్ల రాలేదని చెప్పను, 2024 వానకాలంల వచ్చింది, మందు డోసు పెంచిన్రు. కని ఈసారి ఏడు నెలలు దాచుకోలే, రెండో గురువారమే నేను "ముందుకు" అని మూడుసార్లన్నందుకు పెద్దమ్మ పసిగట్టి మర్నాడు నాతోని దవఖానకు వచ్చింది. ఆ ఏడు సద్దులకు మా గల్లీల బతుకమ్మ కాడికి పోయిన, ఎత్తుకోలే, వంత అన్న, మా బాబు నా కొంగు పట్టుకొని చుట్టు తిరిగిండు.

ఖర్చు మనిషికి నెలకు 100, కిరాయిలకు చాయ్‌కు సరిపోతది. ఇంతకుముందు ఒక హాలు మాట్లాడుకుంటే మేం ఎవరమో తెలిసినంక "పిచ్చోళ్లకు ఇయ్యం" అని అడ్వాన్స్ వాపస్ ఇచ్చిన్రు, టైలర్ అన్న మాత్రం ఒక్క మాట అడగలే. ఒక్కటే తిప్పల, రూము పైన ఉన్నది, 22 మెట్లు, పెద్దమ్మకు మోకాళ్లు పట్టేస్తున్నయి, రెండు వారాలాయె కిందనే కుర్చీ ఏసుకొని కూసుంటున్నది, మేం పైకెల్లి ఎత్తుకుంటే ఆమె కింది నుంచి వంత అంటది. నయీంనగర్ గాని వడ్డేపల్లి దిక్కు గాని కింది రూము, గురువారం ఒక్క రోజు ఇచ్చేటోళ్లు ఎవరన్న ఉంటే చెప్పండి.