లిట్‌మన్ కోర్ స్టెతస్కోపు: వినికిడి తక్కువున్న నర్సింగ్ విద్యార్థికి పనికొస్తుందా?

పనికొస్తుంది. ఇది చప్పుడును పెంచి వినిపించే, ఛార్జింగుతో నడిచే స్టెతస్కోపు. కాకపోతే డబ్బు కట్టేముందు కాలేజీతో ఫోను సంగతి తేల్చుకోండి. ఎందుకో చెబుతాను.

నేను నర్సింగ్ ట్యూటర్‌ని. మా రెండో సంవత్సరం అమ్మాయి ఒకరికి రెండు చెవులా వినికిడి తక్కువ. 2021 నాటి బీఎస్సీ నర్సింగ్ నిబంధనల్లో దివ్యాంగుల కోటా కాళ్ల లోపం 40 నుంచి 50 శాతం ఉన్నవారికే. అందుకని తను మామూలు సీటులోనే చేరింది. తెలివైన పిల్ల, బీపీ దగ్గరే చిక్కు. చేతి పట్టీలో గాలి వదులుతుంటే మొదటి చప్పుడు ఆలస్యంగా వినిపించి, చివరివి వినిపించకుండానే పోయేవి. పై అంకె తక్కువగా, కింది అంకె ఎక్కువగా రాసేది.

అందుకే ఈ స్టెతస్కోపు కొన్నది. ఇది శబ్దాన్ని 40 రెట్ల దాకా పెంచుతుందని కంపెనీ మాట. అదెంత నిజమో గానీ, అదే చేతికి నేను చూసిన బీపీకీ తను చూసినదానికీ ఇప్పుడు చెప్పుకోదగ్గ తేడా రావడం లేదు. వార్డులో ఫ్యాన్ల హోరును బాగానే అణచేస్తుంది. దుప్పటి తగిలిందా, ఆ రాపిడి కూడా పెద్దదై చెవిలో పడుతుంది. ఛార్జింగు అయిపోతే మామూలు స్టెతస్కోపులా వాడుకోవచ్చట. ఆ మామూలుదే వినిపించకపోతే కదా ఇది కొన్నది!

ఇంకో ఇబ్బంది. ఇది పెట్టుకోవాలంటే తను చెవి మిషన్ తీసేయాలి. ఆ కాసేపు పేషెంటు మాట వినిపించదు. అందుకే ముందుగానే, "మామ్మగారూ, ఒక్క నిమిషం. ఏదైనా ఉంటే చెయ్యి ఎత్తండి" అని చెప్పి మొదలుపెడుతుంది. ఈ పద్ధతి తనే కనిపెట్టుకుంది.

అసలు లాభం దీనికి జతయ్యే ఫోను యాప్‌ది. గుండె చప్పుడు తెర మీద గీతలా కనిపిస్తుంది. కానీ పోస్టింగులో, అంటే ఆసుపత్రి వార్డుల్లో శిక్షణ వేళ, ఫోను నిషేధం. "ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారు" అన్నారు మా పైవాళ్లు. దివ్యాంగుల హక్కుల చట్టం-2016లో 17వ సెక్షన్ చదువులోనూ పరీక్షల్లోనూ తగిన మార్పులు చేయమంటుందని రాసి ఇచ్చాకే అనుమతి వచ్చింది. ఆ అనుమతి కాగితం నకలు వార్డు ఇన్‌చార్జి సిస్టర్ దగ్గర ఉంచండి, లేకపోతే షిఫ్టు మారిన ప్రతిసారీ సంజాయిషీ చెప్పుకోవాలి. ప్రాక్టికల్స్‌కు వచ్చే ఎగ్జామినర్‌కూ ముందే తెలియజేయండి.

ఈ ధరకు సాధారణ స్టెతస్కోపులు అరడజను పైనే వస్తాయి. ఇంట్లోవాళ్లే పెట్టుకున్నారు. నా దృష్టిలో అది కాలేజీ పెట్టాల్సిన ఖర్చు. స్కిల్ ల్యాబ్‌కు ఒకటి కొనమని అడిగాను, ఇంకా జవాబు లేదు. అయిదుకు నాలుగు మార్కులు. ఆ ఒకటీ చెవి మిషన్ తీయాల్సి వస్తున్నందుకు తగ్గించాను.