12 గడుల టెన్స్ పట్టిక: నాలుగేళ్లు వాడాక

ఇంగ్లీషు నేర్చుకునే చాలామంది చేతికి ఎప్పుడో ఒకప్పుడు ఈ పట్టిక వస్తుంది. ఒకవైపు ప్రెజెంట్, పాస్ట్, ఫ్యూచర్. ఇంకోవైపు సింపుల్, కంటిన్యువస్, పర్ఫెక్ట్, పర్ఫెక్ట్ కంటిన్యువస్. మొత్తం 12 గడులు. నా దగ్గరికి వచ్చి నాలుగేళ్లయింది. మొదటి ఏడాది బట్టీ పట్టాను, తర్వాత విసుగొచ్చి పక్కన పెట్టాను, మళ్లీ తీశాక ఇక వదల్లేదు.

బట్టీ ఎందుకు పనిచేయలేదో ఇప్పుడు తెలుస్తోంది. 12 ఫార్ములాలు నాకు ఒకదానితో ఒకటి సంబంధం లేనివిగా కనిపించేవి. అడిగితే గడగడా అప్పజెప్పగలిగేదాన్ని, మాట్లాడాల్సి వస్తే మాత్రం నోరు పెగిలేది కాదు. ఒకరోజు అన్నిటినీ ఒకదాని కింద ఒకటి రాసి చూశాను. అక్కడున్న సహాయక క్రియలు మూడే! విల్ పక్కన వీవన్ (గో లాంటి మూల రూపం) వస్తుంది. హ్యావ్ పక్కన వీత్రీ (గాన్ లాంటి మూడో రూపం) వస్తుంది. బీ పక్కన ఐఎన్‌జీ వస్తుంది. మూడూ కలిసినా వరస ఇదే, ఎప్పుడూ మారదు.

'విల్ హ్యావ్ బీన్ వర్కింగ్' తీసుకోండి. విల్ ఉంది కాబట్టి ఎవరి గురించి చెప్పినా హ్యావే, హ్యాజ్ రాదు. హ్యావ్ ఉంది కాబట్టి బీ కాస్తా బీన్ అయింది. బీన్ ఉంది కాబట్టి వర్క్‌కి ఐఎన్‌జీ చేరింది. పాస్ట్‌లోకి వెళ్లాలంటే మొదటి మాట ఒక్కటి మారిస్తే చాలు: 'హీ హ్యాజ్ బీన్ వర్కింగ్' అన్నది 'హీ హ్యాడ్ బీన్ వర్కింగ్' అవుతుంది, వెనకవి కదలవు. 'డిడ్ నాట్ వెంట్' ఎందుకు తప్పో కూడా ఇక్కడే అర్థమైంది. పాస్ట్‌ని డిడ్ ఇప్పటికే మోస్తోంది, గో మళ్లీ మోయక్కర్లేదు. ఇది మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే ఒక ఏడాది కలిసొచ్చేదని నిజంగా బాధేస్తుంది.

వీవన్, వీటూ, వీత్రీ రూపాలు మాత్రం పట్టికలో ఉండవు, విడిగా నేర్చుకోవాల్సిందే. ఈడీ చేర్చితే సరిపోని క్రియలు దాదాపు 200. అక్షర క్రమంలో చదవొద్దు, శబ్దాన్ని బట్టి గుంపులు చేసుకోండి. సింగ్, స్యాంగ్, సంగ్ పక్కన రింగ్, ర్యాంగ్, రంగ్. థింక్, థాట్ పక్కన బై, బాట్. కట్, పుట్, హిట్ మూడు రూపాల్లోనూ అంతే. ఈడీ చేరేవాటిలో పలకడం కూడా చూసుకోవాలి: వర్క్‌కి చేరితే చివర 'ట్' వినిపిస్తుంది, ప్లేకి చేరితే 'డ్', వాంట్‌కి చేరితే 'ఇడ్'. నేను చాలాకాలం 'వర్కెడ్' అన్నాను.

ఇక అసలు లోటు. ఈ పట్టిక టెన్స్‌ని ఎలా కట్టాలో చెబుతుంది, ఎప్పుడు ఏది వాడాలో చెప్పదు. మనకు ఆ లోటు ఇంకా పెద్దది. 'రోజూ వస్తాను', 'రేపు వస్తాను': తెలుగులో రెండిటికీ ఒకటే రూపం. ఇంగ్లీషులో మొదటిది 'ఐ కమ్', రెండోది 'ఐ విల్ కమ్'. 'తిన్నాను' అంటే 'ఐ ఏట్' కావచ్చు, 'ఐ హ్యావ్ ఈటెన్' కావచ్చు, కానీ 'నిన్న' అన్నామంటే హ్యావ్ కుదరదు. 'రెండేళ్లుగా ఉంటున్నాను' అన్నది నా నోట 'ఐ యామ్ లివింగ్ సిన్స్ టూ ఇయర్స్' అనే వచ్చేది. సరైనది 'ఐ హ్యావ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్'. సిన్స్ మొదలైన సమయానికి, ఫర్ గడిచిన కాలానికి.

ఇంకొకటి, ప్రతి క్రియా ప్రతి గడిలో పడుతుందని పట్టిక నమ్మిస్తుంది. 'తెలుసు' అనడానికి 'ఐ యామ్ నోయింగ్' అనరు, 'ఐ నో' అంటే చాలు. అలాగే జరగబోయేదాన్ని చెప్పే 'గోయింగ్ టు'కి ఇందులో చోటే లేదు. రేపటి రైలు గురించి 'ది ట్రైన్ లీవ్స్ ఎట్ సిక్స్' అని ప్రెజెంట్‌లో చెప్పడం కూడా ఇందులో కనిపించదు.

అందుకే నా పట్టికను నేనే మళ్లీ గీసుకున్నాను. ఒక్కో గడిలో ఫార్ములాకి బదులు, నేను ఇంగ్లీషులో నిజంగా తప్పుగా చెప్పిన తెలుగు వాక్యం, దాని కింద సరైన ఇంగ్లీషు. ప్రెజెంట్ పర్ఫెక్ట్ గడి నిండిపోయి రెండో పేజీకి వెళ్లింది. ఫ్యూచర్ పర్ఫెక్ట్ కంటిన్యువస్ గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది, దాని అవసరం నాకింకా రాలేదు.