పలాస, కాశీబుగ్గ వ్యాపారులూ, ఆ ఇంటర్నెట్ ఫోన్ల రిపోర్టు నమ్మకండి

ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. నెట్ మీద నడిచే ఆఫీసు ఫోన్లు బిగించే ఆ పార్టీ ఎవరో మన జీడిపప్పు వ్యాపారులకు వేరే చెప్పక్కర్లేదు. సగం డబ్బు ముందే తీసుకున్నాడు.

మన బేరాలన్నీ ఫోన్ మీదే కదా. రాజమండ్రి ఆయన "రెండొందల నలభైలో పది టిన్నులు" అంటే, మాకు చేరింది "రెండొందల... పది టిన్నులు". ఎన్ని టిన్నులని మా గుమస్తా మళ్లీ అడిగాడు, ఆయన పదే అన్నాడు. 240 గ్రేడుకు బదులు 210 లోడయింది. సరుకు వెనక్కొచ్చింది, రానూపోనూ లారీ కిరాయి మా నెత్తిన పడింది. "ఏటండీ, సగం మాటే వినిపిస్తంది" అని గుమస్తా మొదటి నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాడు.

అడగడానికి వెళ్తే ఆ పెద్దమనిషి కుర్చీలోంచి లేవలేదు. లైను ఎంత బాగుందో చెప్పే రిపోర్టు ల్యాప్‌టాప్‌లో తెరిచి మావైపు తిప్పి, "మోస్ 4.41, ఆర్ 93.2. ఇంతకంటే మంచి లైను ఎక్కడా ఉండదు. లోపం మీ చెవుల్లో ఉంది, ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోండి" అన్నాడు. నా గుమస్తా ముందు, ఆ పెద్దమనిషి కుర్రాళ్ల ముందు. వాళ్లు నవ్వారు. కిరాయి పోతే పోయింది, ఆ మాట మాత్రం మింగుడు పడటం లేదు.

ఆ రిపోర్టు ప్రింటు తెచ్చుకుని చూస్తే పొద్దున 4.41, రాత్రి 4.41, ప్రతి ఫోనుకూ అదే 4.41. నెట్‌వర్క్ పనిలో ఉన్న మా మేనల్లుడు చూడగానే "మామయ్యా, ఇది కొలిచిన అంకె కాదు" అన్నాడు. మోస్ అంటే అసలు మనుషులు విని 1 నుంచి 5 వరకు వేసే మార్కు. వినకుండా అంచనా వేయడానికి ఐటీయూ (అంతర్జాతీయ టెలికాం సంస్థ) వాళ్ల జి.107 సూత్రం ఉంది, ఆర్ అంటే ఆ సూత్రం లైనుకిచ్చే మార్కు. అందులో మన లైను వివరాలేవీ వేయకుండా వదిలేస్తే ఆర్ 93.2, మోస్ 4.41 వస్తాయట. అంటే వీడు మా లైను ముట్టుకోనే లేదు!

మా మేనల్లుడే కాల్ నడుస్తుండగా ప్యాకెట్లు, అంటే నెట్ మీద మాట ముక్కలుగా వెళ్లే పొట్లాలు, పట్టి చూపించాడు. ఒక్కో ప్యాకెట్‌లో మామూలుగా 20 మిల్లీసెకన్ల మాట ఉంటుంది. ఒకటీ అరా పోతే చెవికి తెలియదు. వరసగా 15 పోతే 300 మిల్లీసెకన్లు, ఒక మాట మొత్తం గల్లంతు. మా "నలభై" పోయింది అలాగే.

ఈ ఫోన్లు కొనేవాళ్లకు ఒక మాట: బిగించేవాడు మీ షాపులో ఫోను నుంచి మీ గోడౌన్ ఫోనుకు చేసి చూపిస్తే ఒప్పుకోకండి. బయటి నంబరుకు, రద్దీ వేళలో, రెండు వైపులా కొలవమనండి. ప్యాకెట్ లాస్ (ఎన్ని ప్యాకెట్లు పోయాయో), జిట్టర్ (అవి చేరే సమయంలో హెచ్చుతగ్గులు), డిలే (మాట చేరడానికి పట్టే ఆలస్యం) విడివిడిగా రాసిమ్మనండి. ఒకవైపు డిలే 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే మాట్లాడటానికి ఇబ్బంది ఉండదు. అన్ని పూటలా ఒకటే అంకె ఉన్న కాగితం ఇస్తే మిగతా డబ్బు ఆపేయండి, నేను ఆపేశాను.